బక్కచిక్కిన గుర్రాన్ని తెచ్చుకోవాలనుకుంటున్నాను, దగ్గర్లో గుర్రాల డాక్టర్ లేడు. ఏం చేయాలి?

పదిహేనేళ్ళు దాటిన ఆడగుర్రం, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉంది, గిట్టలు పెరిగి వంకర తిరిగాయి, యజమాని ఇచ్చేస్తానంటున్నాడు, రేపే తెచ్చేయనా అని అడిగారు. గుర్రాలు చూసే డాక్టర్ మూడు గంటల దూరంలో ఉన్నాడు, అర్ధరాత్రి ఏమైనా అయితే ఎవర్ని పిలవాలి అని కూడా అడిగారు. ఆ రెండో ప్రశ్న తేలేదాకా మొదటి పని పెట్టుకోకండి. గుర్రం పడిపోయి లేవలేని స్థితిలో ఉంటే తప్ప రెండు మూడు రోజులు ఆగితే మునిగిపోయేదేం లేదు. ఈలోగా అది ఉన్నచోటే నీళ్ళు, కాస్త ఎండుగడ్డి అందేలా చూడండి. నెలల తరబడి ఆకలికి తట్టుకున్న గుర్రం మనం తెచ్చుకున్న వారంలో తిండి వల్ల పోవడం ఈ పనిలో ఉన్నవాళ్ళకి బాగా తెలిసిన సంగతే. ఆ వారంలోనే డాక్టర్ అవసరం ఎక్కువ.

ముందు మీ దగ్గర్లోని పశువుల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. పగటిపూట, తీరిగ్గా. "గుర్రాలు చూస్తారా" అని అడిగితే మొహమాటానికి అవునంటారు, లేదా భయపడి లేదంటారు. అలా కాకుండా నాలుగు విషయాలు విడివిడిగా అడగండి: గుర్రానికి ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేయగలరా, మెడ నరానికి సెలైన్ ఎక్కించగలరా, గుర్రానికి సరిపడా మత్తుమందు ఉందా, తప్పనిసరైతే నొప్పి లేకుండా ప్రాణం తీయగలరా. గొట్టం సంగతి మొదట అడగమనడానికి కారణం ఉంది. గుర్రం వాంతి చేసుకోలేదు. పేగు మూసుకుపోతే ద్రవమంతా కడుపులోకి ఎదురుతన్నుతుంది, బయటికి దారి లేక కడుపు పగిలిపోవచ్చు. గొట్టం వేసి తోడేస్తే పెద్దాసుపత్రికి చేరే వ్యవధి దొరుకుతుంది. మత్తు గురించి విడిగా అడగమన్నది ఎందుకంటే, జైలజీన్ అనే మత్తుమందుకి ఆవు గుర్రం కంటే దాదాపు పది రెట్లు ఎక్కువగా లొంగుతుంది. ఆవుల లెక్కన ఇస్తే గుర్రం కునుకు కూడా తీయదు, పైగా తన్నుతుంది.

దూరంగా ఉన్న గుర్రాల డాక్టర్ దగ్గర ముందే పేరు రాయించుకోండి. ముఖం తెలియని మనిషి రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎవరైనా తటపటాయిస్తారు. చుట్టుపక్కల గుర్రాలున్న నలుగురైదుగురు కలిసి ఆయన్ని ఏడాదికి రెండుసార్లు టీకాలకి, పళ్ళకి పిలిపించుకుంటే ఆయనకీ గిట్టుబాటు అవుతుంది, మీరూ ఆయనకి తెలిసినవాళ్ళవుతారు. ఆయన నంబరు మీ పశువుల డాక్టర్‌కి, ఈయన నంబరు ఆయనకి ఇచ్చి ఒకసారి మాట్లాడుకోమనండి. చేతులు ఇక్కడివి, అనుభవం అక్కడిది. పల్లెల్లో నడిచే పద్ధతి ఇదే.

కొట్టం తలుపు మీద ఒక కాగితం అంటించండి. అందులో రెండు ఫోన్ నంబర్లు, మీ స్థలానికి దారి, మ్యాప్‌లో పెట్టే అంకెలు, పెద్ద బండి ఎక్కడిదాకా వస్తుందో, గుర్రం బరువు ఉండాలి. మీరు ఊళ్ళో లేనప్పుడు ఎవరు నిర్ణయం తీసుకోవాలి, ఎంతవరకు ఖర్చు పెట్టాలి, ఆపరేషన్‌కి పంపాలా వద్దా అన్నది కూడా రాసిపెట్టండి. గుర్రం పొర్లుతుంటే నిలబడి ఆలోచించుకునే విషయాలు కావివి. బండి సంగతీ అంతే. ఎవరి ట్రైలర్, తాళం ఎక్కడ, టైర్లలో గాలి ఉందా, ఇవన్నీ ముందే తేల్చుకోండి.

కాగితాల గురించి ఎక్కువ చెప్పను. యజమాని సంతకంతో, తేదీతో, ఇచ్చేస్తున్నట్టు రాయించుకోండి. తెచ్చిన రోజునే రెండు పక్కల నుంచి, ముందు, వెనక ఫొటోలు తీయండి. డాక్టర్ చేత ఒంటి స్థితి అంకె రాయించండి. 1983లో డాన్ హెన్నెకే, ఆయన సహచరులు ప్రకటించిన 1 నుంచి 9 కొలమానం అందరూ వాడతారు. 1 అంటే ఎముకల గూడు, 5 అంటే సరైన ఒళ్ళు. ఫొటో చూసి అంకె వేయకూడదు, చేత్తో తడిమి చూడాలి. గుబురు బొచ్చు కింద పక్కటెముకలు దాక్కుంటాయి, పురుగుల వల్ల ఉబ్బిన బొజ్జ చూసి "పర్లేదు, కడుపు నిండుగానే ఉంది" అనుకునేవాళ్ళు చాలామంది. మెడ, మూపు, భుజం వెనక, పక్కటెముకలు, నడుం, తోక మొదలు, ఈ ఆరు చోట్లా తడమండి.

బండిలో తెచ్చేటప్పుడు తల పైకి బిగించి కట్టొద్దు. తల దించలేకపోతే ఊపిరితిత్తుల్లో చేరిన దుమ్ము, కఫం బయటికి రాక న్యుమోనియా పట్టుకుంటుంది. కింద మందంగా పరుపు వేయండి, మూడు నాలుగు గంటలకోసారి ఆపి నీళ్ళు చూపించండి.

ఇక తిండి. అసలు ప్రమాదం ఇక్కడే. పస్తున్న గుర్రం ఒళ్ళు పిండిపదార్థం మీద కాక తన కొవ్వునీ కండనీ కరిగించుకుంటూ నడుస్తుంటుంది. అప్పటికే ఒంట్లో ఫాస్ఫరస్, మెగ్నీషియం, పొటాషియం నిల్వలు అడుగంటి ఉంటాయి. మనం జాలిపడి తొట్టెడు దాణా పెడతాం. గింజల్లోని పిండి చక్కెరగా మారి ఇన్సులిన్ ఒక్కసారి ఎగుస్తుంది, ఆ మిగిలిన కాస్త ఖనిజాలనీ రక్తంలోంచి కణాల్లోకి తోసేస్తుంది. గుండె లయ తప్పుతుంది, శ్వాస కండరాలు పనిచేయవు. ఇది తిన్న వెంటనే జరగదు. మూడో రోజు నుంచి పదో రోజు దాకా ఎప్పుడైనా రావచ్చు. రెండు రోజులు హుషారుగా తిని, నాలుగో రోజు పడిపోయిందని చెప్పే కథలన్నీ ఇవే.

కాబట్టి మొదటి పది రోజులు ఓట్స్, మొక్కజొన్న, ఉలవలు, బెల్లం, తవుడు, నూనె ఏవీ వద్దు. మంచి లూసర్న్ ఎండుగడ్డి, అంటే అల్ఫాల్ఫా, ఒక్కటే పెట్టండి. దాంట్లో పిండిపదార్థం తక్కువ, మాంసకృత్తులు, ఫాస్ఫరస్, మెగ్నీషియం ఎక్కువ. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు పస్తున్న గుర్రాల మీద పరీక్షించి సూచించింది ఈ పద్ధతే. మామూలుగా 450 కిలోలుండాల్సిన గుర్రానికి మొదటి మూడు రోజులు నాలుగు గంటలకోసారి అర కిలో చొప్పున, రాత్రి కూడా కలిపి, రోజుకి ఆరుసార్లు. నాలుగో రోజు నుంచి మెల్లగా పరిమాణం పెంచుతూ, సార్లు తగ్గిస్తూ, ఆరో రోజుకి ఎనిమిది గంటలకోసారి రెండు కిలోల దగ్గరికి రండి. పది రోజులు దాటాక తిన్నంత, రోజుకి రెండుసార్లు. చిన్న గుర్రమైతే ఆ లెక్కన తగ్గించండి. చేత్తో "ఒక కట్ట" అని కొలవకండి, త్రాసు పెట్టుకోండి. కట్ట బరువు మనిషిని బట్టి రెట్టింపవుతుంది. లూసర్న్ దొరక్కపోతే మంచి ఎండుగడ్డి ఇలాగే కొంచెం కొంచెంగా పెట్టొచ్చు, గింజలు మాత్రం వద్దు.

నీళ్ళు ఎప్పుడూ ఉండాలి. కానీ గొంతు ఎండిపోయి వచ్చినదైతే మొదట నాలుగైదు లీటర్లు ఇచ్చి, పావుగంట ఆగి, మళ్ళీ ఇవ్వండి. ఉప్పుగడ్డ అందుబాటులో పెట్టండి. మళ్ళీ పూర్తి ఒళ్ళు రావడానికి ఆరు నుంచి పది నెలలు పడుతుంది. నెల రోజుల్లో బొద్దుగా చేయాలని తొందరపడేవాళ్ళే ఎక్కువగా లామినైటిస్, అంటే గిట్ట లోపలి వాపు, తెచ్చిపెడతారు.

మందుల కోసం బరువు కావాలి కదా, టేపు చాలు. ముంగాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం ముందు మొన నుంచి పిరుదు వెనక ఎముక దాకా పొడవు, రెండూ సెంటీమీటర్లలో తీయండి. చుట్టుకొలతని చుట్టుకొలతతో, దాన్ని పొడవుతో గుణించి 11,880తో భాగించండి. చుట్టుకొలత 160, పొడవు 145 వస్తే సుమారు 312 కిలోలు. వారానికోసారి అదే మనిషి, అదే టేపుతో కొలిస్తేనే తేడా తెలుస్తుంది.

పురుగుల మందు మొదటి రోజే పోయడం మరో పొరపాటు. ముందు లద్దె పరీక్ష చేయించి డాక్టర్ చెప్పిన రోజున ఇవ్వండి. మాక్సిడెక్టిన్ మాత్రం ఒళ్ళు లేని గుర్రానికి వద్దు. ఆ మందు కొవ్వులో నిలవ ఉంటుంది, కొవ్వే లేనప్పుడు రక్తంలో ఎక్కువై మెదడు మీద పనిచేస్తుంది. గిట్టలు ఒక్కసారే పూర్తిగా చెక్కించకండి. ఏళ్ళ తరబడి వంకర గిట్ట మీద నిలబడిన కీళ్ళూ నరాలూ ఒక్క రోజులో సర్దుకోవు. మూడు నాలుగు వారాల ఎడంతో విడతలుగా చేయించండి. ఒక కాలు ఎత్తితే మూడు కాళ్ళ మీద నిలబడే ఓపిక ఉందా అన్నది కూడా చూసుకోవాలి. పళ్ళు ఇంకా ఆగొచ్చు, కానీ గడ్డి నమిలి ఉండలుగా ఉమ్మేస్తుంటే డాక్టర్‌కి చెప్పండి, లూసర్న్‌ని నానబెట్టి పెట్టండి. ధనుర్వాతం టీకా చరిత్ర తెలియకపోతే వేయనట్టే లెక్క. ఒంటి మీద పుండ్లుంటే ఆ విషయం మొదటి ఫోన్‌లోనే చెప్పండి.

మిగతా గుర్రాలకి దూరంగా, వేరే తొట్టి, వేరే బకెట్, వేరే తలకట్టుతో కనీసం మూడు వారాలు ఉంచండి. రోజుకి రెండుసార్లు జ్వరం చూడండి. దవడ కింద గడ్డలు, ముక్కులోంచి చీము కనిపిస్తే స్ట్రాంగిల్స్ అనే అంటురోగం కావచ్చు. ముక్కులో పుండ్లు, చర్మం కింద ముడులు ఉంటే గ్లాండర్స్ అనుమానించాలి. అది మనుషులకీ వస్తుంది కాబట్టి చేతితొడుగుల్లేకుండా ముట్టుకోవద్దు, వెంటనే డాక్టర్‌ని పిలవండి.

మీ పొలంలో పశువులు, కోళ్ళు కూడా ఉంటాయనుకుంటాను. వాటి దాణాలో కలిపే మోనెన్సిన్ గుర్రం గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది, కొద్ది మోతాదు చాలు. ఆ బస్తాలు తాళం వేసిన గదిలో ఉండాలి, గుర్రం మేతని ఆ బకెట్‌తో తేవద్దు. పశువుల పిడుదులకి వాడే అమిట్రాజ్ గుర్రానికి పూయొద్దు, పేగు కదలిక ఆగిపోయి కడుపుశూల వస్తుంది.

ఇక అర్ధరాత్రి సంగతి. ఫోన్ చేసేముందు రెండు నిమిషాలు పెట్టి అంకెలు తీసుకోండి. దవడ ఎముక లోపలి అంచు మీద వేళ్ళు జరిపితే సన్నని తాడులా జారుతూ రక్తనాళం తగులుతుంది. దాన్ని ఎముకకి మెల్లగా నొక్కి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. నిలకడగా ఉన్నప్పుడు నిమిషానికి 28 నుంచి 44 కొట్టుకోవాలి. ఊపిరి 8 నుంచి 16. ఒంటి వేడి 37.5 నుంచి 38.5 సెంటీగ్రేడ్ మధ్య. మలద్వారంలో పెట్టే థర్మామీటర్‌కి దారం కట్టి క్లిప్‌తో తోకకి తగిలించండి, లేకపోతే లోపలికి పోతుంది. చిగుళ్ళు గులాబీ రంగులో ఉండాలి, వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. గుర్రం బాగున్న రోజుల్లో ఓ వారం ఇవన్నీ రాసిపెట్టుకుంటే దాని మామూలు ఎంతో మీకు తెలుస్తుంది.

కాలితో నేల గీరడం, డొక్క వైపు తిరిగి చూడడం, పడుకుని లేవడం, లద్దె వేయకపోవడం కడుపుశూల లక్షణాలు. మేత తీసేయండి. పొర్లి దెబ్బలు తగిలించుకోకుండా నెమ్మదిగా నడిపించొచ్చు, కానీ గంటల తరబడి నడిపించి నీరసించిన గుర్రాన్ని ఇంకా కుంగదీయకండి. నోట్లో నూనె పోయడం అన్నిటికంటే పెద్ద తప్పు. అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, అప్పుడు శూల తగ్గినా న్యుమోనియా చంపుతుంది. నాడి 60 దాటి దిగకపోయినా, చిగుళ్ళు ఎర్రగానో నీలంగానో మారినా ఇక ఎదురుచూడొద్దు. పశువుల డాక్టర్ గొట్టం వేయాలి, బండి సిద్ధం కావాలి. నొప్పి తగ్గించే ఫ్లూనిక్సిన్ దగ్గర పెట్టుకోవచ్చు, అయితే డాక్టర్ చెప్పాకే ఇవ్వండి. ఇచ్చిన వేళ రాసిపెట్టండి, నొప్పి తిరిగొచ్చిందని మళ్ళీ ఇవ్వకండి. మందు ఉండగానే నొప్పి తిరిగి రావడమే ఆసుపత్రికి పంపాలనడానికి గుర్తు. కండకి గుచ్చితే ఆ చోట కుళ్ళు పట్టే ప్రమాదం ఉంది. ఒంట్లో నీరు తగ్గిన గుర్రానికి అది మూత్రపిండాలని కూడా దెబ్బతీస్తుంది.

రెండు ముక్కుల్లోంచీ ఆకుపచ్చ నురగ, మేత కారుతూ, మెడ చాస్తూ దగ్గుతుంటే అది గొంతులో మేత ఇరుక్కోవడం. ఆత్రంగా మింగే ముసలి గుర్రాల్లో ఇది తరచూ జరుగుతుంది. మేత, నీళ్ళు రెండూ తీసేసి తల కిందికి ఉండేలా నిశ్శబ్దంగా వదిలేయండి, డాక్టర్‌కి ఫోన్ చేయండి. చాలావరకు గంటలోపే దానంతటదే జారుతుంది. పైపుతో నీళ్ళు కొట్టకండి.

కన్ను మూసుకుని నీరు కారుతుంటే అదీ ఆ రాత్రికే చూడాల్సిన పని. రంగు వేసి పరీక్షించకుండా స్టెరాయిడ్ ఉన్న మందు వేస్తే కంటిపొర మీది చిన్న గీత కూడా కన్ను పోయేదాకా తెస్తుంది. గిట్టలో మేకు దిగితే, అది మరీ లోపలికి దిగేలా నడవకుండా చూసి, పీకకుండా ఉంచండి. ఎంత లోతు, ఏ దిక్కు అన్నది ఎక్స్‌రేలో ఆ మేకే చూపిస్తుంది.

పడిపోయిన గుర్రం దగ్గర మనుషులకే దెబ్బలు తగులుతాయి. ఎప్పుడూ వీపు వైపే నిలబడండి, కాళ్ళ వైపు కాదు. తల, మెడ, కాళ్ళు, తోక పట్టి లాగొద్దు. పాత ఫైర్ గొట్టంలాంటి వెడల్పాటి పట్టీ ముంగాళ్ళ వెనక ఛాతీ చుట్టూ వేసి లాగాలి. లేవలేకపోతే రొమ్ము మీద కూర్చునేలా గడ్డి మోపులు ఆనించండి, కింద మందంగా పరుపు వేయండి, రెండు మూడు గంటలకోసారి పక్క మార్చండి. ఒకే పక్క పడి ఉంటే ఆ బరువుకే కింది కండలకి రక్తం అందక చచ్చుబడతాయి. మూడు రోజులు దాటి లేవలేనివి బతకడం చాలా అరుదు. ఆ మాట డాక్టర్‌తో మొదటి రోజే మాట్లాడుకోండి. ఇంజెక్షన్‌తో ప్రాణం తీయించాల్సి వస్తే లోతుగా పూడ్చిపెట్టండి. ఆ మందు శవంలో చాలాకాలం ఉంటుంది, పీక్కుతిన్న కుక్కలూ పక్షులూ చస్తాయి.