ఉతికిన నీళ్లు, స్నానం నీళ్లు పెరటి కూరగాయలకు పోయొచ్చా?

పోయొచ్చండీ. వేసవిలో పెరటికి నీళ్లు చాలక ఈ నీళ్లు వాడదామనుకుంటున్నానని రాశారు కదా, మాదీ అదే బాధ. గుంటూరు గోరంట్లలో మా పెరడు 6 ఏళ్లుగా చాలావరకు వాడిన నీళ్ల మీదే బతుకుతోంది. కాకపోతే ముందు మీ సబ్బు సంగతి చూసుకోండి.

నేను చూసుకోలేదు. వాషింగ్ మెషిన్ పైపు తిన్నగా వంగమడిలో పెట్టేశాను. తొలి ఏడాది కాపు బాగానే వచ్చింది. రెండో వేసవికి ఆకుల అంచులు మాడిపోయాయి, మట్టి మీద తెల్లటి పొర కట్టింది, పోసిన నీళ్లు ఇంకకుండా పైనే నిలిచేవి. ప్రత్తిపాడు వైపు సేద్యం చేసే మా మామయ్య వచ్చి చూసి, "చౌడు తేలిందమ్మా" అన్నాడు. ఉతికే పొడిలో సోడియం ఉప్పులు ఉంటాయి. మన నల్లరేగడిలో బంకమన్ను ఎక్కువ. అందులో సోడియం చేరితే మట్టి మెత్తగా విడిపోయి, గాలీ నీరూ దిగే సందులు పూడుకుపోతాయి. ఆయనే ఎరువుల కొట్లో జిప్సం కొనిపించి మట్టిలో కలిపించాడు. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని వదిలిస్తుంది, వదిలిన ఉప్పును వాన కిందికి కడగాలి. మడి కోలుకోవడానికి రెండు వానాకాలాలు పట్టింది. ఆ దిగులు మీకు వద్దు.

ఇప్పుడు మొదటి ఉతుకు నీళ్లు కాలువలోకే వదిలేస్తాను. చివరిసారి జాడించిన నీళ్లు, స్నానం నీళ్లు మాత్రం గుడ్డతో వడగట్టి ఆ రోజే పోసేస్తాను. 24 గంటలు దాటితే కంపు, క్రిములు. బ్లీచింగ్ కలిసినవీ, పసిపిల్లల మలం గుడ్డలు ఉతికినవీ అసలు వద్దు. ఆర్ఓ మెషిన్ వదిలే నీళ్లలోనూ ఉప్పు ఎక్కువే. బియ్యం కడుగు మాత్రం బంగారం, దేనికైనా పోయండి.

బీర, సొర, దొండ పాదులకు, మునగకు, అరటికి ఈ నీళ్లు బాగా పనికొస్తాయి. మొక్క మొదలు దగ్గర ఎండుగడ్డి పరిచి, దాని కిందికి పోయాలి, ఆకుల మీద చల్లకూడదు. గోంగూర, తోటకూర, కొత్తిమీర, ముల్లంగికి నేను కుళాయి నీళ్లే పోస్తాను. వారానికోసారి పాదులకూ మంచినీళ్లు పెడతాను. వానలు పడ్డాక వాడిన నీళ్లు పోయడం పూర్తిగా ఆపేస్తాను.

మీవి నేల మొక్కలా, కుండీలా? కుండీలైతే ఉప్పు ఇంకా త్వరగా పేరుకుంటుంది. అడుగు చిల్లుల్లోంచి కారేదాకా అప్పుడప్పుడూ మంచినీళ్లు పోస్తుండండి.