మాచిపత్రి దాయాది పొదల్లో సేజ్ గ్రౌస్ వేట: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న (డెన్వర్): మా దగ్గర రెండు వేటకుక్కలున్నాయి: ఒక బ్రిటనీ, ఒక జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్. రెండూ ఫెజెంట్ (అడవికోడి లాంటి పక్షి) వేటలో తిరిగినవే. సెప్టెంబరులో సేజ్ గ్రౌస్ అనే పెద్ద నేలపక్షి కోసం ముగ్గురం వయోమింగ్ రాష్ట్రానికి వెళ్దామనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఫెజెంట్ అలవాట్లు ఇంటి దగ్గరే వదిలేసి వెళ్ళండి. అది చేను గట్టున, తుప్పల అంచున దొరుకుతుంది. ఇక్కడ గట్టూ లేదు, అంచూ లేదు. కనుచూపు మేర ఒకటే బూడిదరంగు పొద, సేజ్‌బ్రష్. వినాయక చవితి పత్రిలో మొట్టమొదట చదివే మాచిపత్రికి ఇది దాయాది. రెండూ ఆర్టిమీసియా ప్రజాతివే, ఆకు నలిపితే ఆ చుట్టరికం ముక్కుకే తెలిసిపోతుంది.

ముందు మ్యాపులో నీళ్ళు వెతకండి: ఊటలు, పశువుల కుంటలు, వాగు పక్క పచ్చిక. మంచు పడి పచ్చిక మాడేదాకా తల్లీపిల్ల పక్షుల గుంపులు వాటిని వదిలి దూరం పోవు. కుంట దగ్గరికి చేరాక కుక్కల్ని బండిలోనే ఉంచి, ఒక చుట్టు మీరే నడవండి. చూడాల్సింది రెట్ట. మామూలు రెట్ట చిటికెన వేలి కొసంత, పీచుపీచుగా ఉంటుంది. విరిస్తే లోపల పచ్చగా, తడిగా ఉందంటే కొత్తది. తెల్లబారి పొడిగా రాలిందంటే పాతది, దాన్ని నమ్ముకోకండి. కరిగిన తారు చుక్కలాంటి నల్లటి రెట్ట కూడా వీటిదే. ఒకేచోట కుప్పగా పడి ఉంటే అక్కడ రాత్రి పడుకున్నాయన్నమాట. అవి కనిపించాక, మోకాలెత్తు పొదలున్న వైపుకి గాలికి ఎదురుగా కుక్కను వదలండి. పొద్దు పొడిచాక మొదటి రెండు మూడు గంటలే అసలు వేళ. ఎండ ముదిరితే పక్షులు పొదల నీడలోకి దూరిపోతాయి.

రెండు కుక్కల్నీ ఒకేసారి దింపకండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఒకటి ముప్పావుగంట తిరిగాక బండెక్కించి రెండోదాన్ని దింపాలి. రోజుకు కుక్కకు కనీసం 4 లీటర్ల నీళ్ళు లెక్కేసుకోండి. బండిలో ఇంకో 20 లీటర్ల డబ్బా ఉండాలి. పావుగంటకోసారి కొద్దికొద్దిగా పట్టాలి తప్ప దాహమేసేదాకా ఆగొద్దు. నాలుక గరిటెలా వెడల్పై వేలాడినా, చిగుళ్ళు ఇటుకరంగుకు తిరిగినా, నడక తూలినా ఆ రోజు వేట అయిపోయినట్టే. వెంటనే ఒళ్ళంతా నీళ్ళు పోసి గాలి ఆడేలా చూడండి. కాస్త చల్లబడ్డాకే పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి. కుంట నీటి మీద పచ్చటి పెయింటు ఒలికినట్టు నాచు తేలుతుంటే కుక్కను దరిదాపులకు పోనివ్వకండి, ఆ నీళ్ళు విషం కావచ్చు.

కుక్క పాయింట్ పట్టిందని (పక్షి వాసన తగిలి కదలకుండా నిలబడిందని) సంబరపడి దాని వెనకే నడిచారో, ముసలి పుంజులు పొదల కింద పరుగెత్తి నూరు గజాల అవతల లేస్తాయి. ఇద్దరు చెరోవైపు బాగా ఎడంగా వెళ్ళి ముందు నుంచి అడ్డుకోండి. పిల్ల పక్షులు మాత్రం అణిగి కూర్చుంటాయి. మొదటి తూటా పేలాక కదలకుండా నిలబడి తుపాకీ నింపుకోండి. గుంపంతా ఒక్కసారే లేవదు, ఒకటీ రెండూ ఆలస్యంగా లేస్తాయి.

పుంజు 2 నుంచి 3 కిలోలు తూగుతుంది. అంత ఒళ్ళు కావడంతో మెల్లగా ఎగురుతున్నట్టు కనబడుతుంది కానీ నిజానికి వేగం ఎక్కువే. అందుకే గుళ్ళన్నీ తోక వెనక పోతాయి. 12 లేదా 20 గేజ్ (గొట్టం వెడల్పు), 5 లేదా 6 నంబరు షాట్ (గుళ్ళ సైజు), మొదటి గొట్టానికి ఇంప్రూవ్డ్ సిలిండర్, రెండోదానికి మాడిఫైడ్ చోక్ (గొట్టం మూతి బిగింపు) చాలు. 35 గజాలు దాటితే తుపాకీ దించండి.

వయోమింగ్ వేట ప్రాంతాల్లో ఒకటైన ఏరియా 1లో సీజన్ మామూలుగా సెప్టెంబరు మూడో శనివారం మొదలై నెలాఖరుకు ముగుస్తుంది. మనిషికి రోజుకు రెండు, దగ్గర ఉంచుకోగలిగేవి నాలుగు. తేదీలు ఈ ఏటి రూల్ పుస్తకంలో సరిచూసుకోండి. ఇంటర్‌స్టేట్ 80కి అటూ ఇటూ రైల్వే కాలం నాటి చదరంగపు గడులున్నాయి: ఒక చదరపు మైలు ప్రభుత్వానిది, పక్కది సొంతదారుది. కొత్తవాళ్ళు ఉత్తరానికి, బీఎల్ఎం (ఫెడరల్ భూముల సంస్థ) భూమి ఎడతెగకుండా ఉన్న చోటికి పోవడమే నయం.

ప్రశ్న (డాలస్): నాది హెచ్-1బి వీసా. స్నేహితుడి తుపాకీ తీసుకుని వేటాడవచ్చా?

జవాబు: వేట లైసెన్సు చేతిలో పడకముందు ఆ తుపాకీ ముట్టుకోకండి. తూటా కూడా. ఇమ్మిగ్రెంట్ కాని వీసా మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ, మందుగుండు ఉండకూడదన్నది ఫెడరల్ చట్టం. అమెరికాలో ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. గడువు తీరిన మర్నాడే ఆ మినహాయింపూ పోతుంది. గ్రీన్‌కార్డు వాళ్ళకు ఈ నిషేధం లేదు. వయోమింగ్‌లో 1966 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకు హంటర్ సేఫ్టీ సర్టిఫికెట్ కావాలి. వీసా వ్యవహారం కాబట్టి ఒక్కసారి లాయర్‌నీ అడగండి.

ప్రశ్న (బాయిసీ): కుక్కకు ముళ్ళపంది ముళ్ళు గుచ్చుకుంటే కత్తిరిస్తే సులువుగా వస్తాయంటారు, నిజమేనా?

జవాబు: కాదు. కత్తిరిస్తే పట్టు దొరకదు, ముక్క లోపలే ఉండి కండలోకి నడుస్తుంది. ఒకరు కుక్కను పట్టుకోవాలి, ఇంకొకరు ఫోర్సెప్స్‌తో చర్మం దగ్గరే పట్టి గుచ్చుకున్న దారినే సూటిగా లాగాలి. నోట్లో, కంటి దగ్గర ఉంటే మీరు చెయ్యి పెట్టకండి. పాము కరిస్తే కట్టు కట్టొద్దు, కోయొద్దు. కుక్కను నడిపించకుండా ఎత్తుకుపోవాలి. ఇంకో మాట: మీ ఇడాహోలో 2021 నుంచి సేజ్ గ్రౌస్‌కు జోన్ల వారీ ట్యాగులు (అనుమతి చీటీలు), లెక్కకు మించి అమ్మరు.

ప్రశ్న (హైదరాబాద్): మాంసం చేదంటున్నారు. వండే పద్ధతి తప్పా?

జవాబు: సగం తప్పు పొయ్యి దగ్గర కాదు, పొలంలోనే జరుగుతుంది. కోడికున్నట్టు ఈ పక్షికి గట్టి కందనకాయ ఉండదు, గింజలు నూరుకోలేదు. ఎక్కువగా మెత్తటి ఆకులే తింటుంది. చలికాలమంతా దాదాపు సేజ్‌బ్రష్ ఆకే. ఎండలో పేగులు తీయకుండా సంచిలో తిప్పితే ఆ ఘాటంతా మాంసానికి పడుతుంది. పడిన వెంటనే పేగులు, గొంతు కింది మేతసంచి తీసేసి నీడలో ఆరనివ్వండి, తర్వాత ఐసు పెట్టె. రొమ్ము ముక్కలు పెద్ద మంట మీద కొద్దిసేపే వేయించాలి. లోపల ఎరుపు పోయేదాకా ఉంచితే కార్జం రుచి వస్తుంది. కాళ్ళు వేరుగా మసాలా దట్టించి పులుసు పెట్టండి.

ప్రశ్న (నంద్యాల): మా రోళ్ళపాడులో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యమే పెట్టారు. తగ్గిపోతున్న పక్షిని అక్కడ వేటాడనివ్వడం ఏమిటి?

జవాబు: మంచి ప్రశ్నే. మనకు 1972 చట్టంతో వేట మూతపడింది. అక్కడ రాష్ట్రానికో తీరు. వాషింగ్టన్, నార్త్ డకోటాలలో వేట లేదు. 2014లో ముప్పు జాబితాకెక్కిన గన్నిసన్ సేజ్ గ్రౌస్‌ను ఎక్కడా ముట్టకూడదు. మనం ఇక్కడ చెప్పుకుంటున్న గ్రేటర్ సేజ్ గ్రౌస్‌కు ఆ జాబితా అక్కర్లేదని 2015లో తేల్చారు. దానికి అసలు దెబ్బ చీట్‌గ్రాస్ అనే పరదేశీ గడ్డి, మంటలు, చమురు బావులు, దున్నిన నేల. వయోమింగ్‌లో ఇంకా ఎక్కువ ఉన్నాయి కాబట్టి కొద్దిరోజుల సీజన్ ఉంచారు. అయినా ముగ్గురు వెళ్ళి తలా రెండు చొప్పున ఒకే గుంపు నుంచి ఆరూ కొట్టడం మాకు నచ్చదు. ఒకటి తీసుకుని వేరే కుంటకు కదలండి.

వేటకు వెళ్ళే దారుల్లో రోడ్డు పక్కన వన్యప్రాణి శాఖవాళ్ళు రెక్కలు వేసే పీపాలు పెడతారు, ప్రతి పక్షి నుంచి ఒక రెక్క అందులో వేయమని అడుగుతారు. ఆ రెక్క చివరి రెండు పెద్ద ఈకలు చూడండి: కొన కోసుగా ఉంటే ఈ ఏటి పిల్ల, గుండ్రంగా ఉంటే పెద్దది. పెట్ట ఈకలు ఎంతవరకు రాలి కొత్తవి వచ్చాయో చూసి, అది ఆ ఏడు పిల్లల్ని పెంచిందో లేదో కూడా లెక్కగడతారు. రెక్కను మడిచి, తడి లేకుండా కాగితం సంచిలో వేయండి. ప్లాస్టిక్‌లో కుళ్ళిపోతుంది.