రెక్కలో తెల్ల ఈకలున్న పిచ్చుక అల్బినోనా?

హనుమకొండలో మీ డాబా మీదికొచ్చే ఊర పిచ్చుకల్లో ఒకదాని రెక్కలో తెల్ల ఈకలున్నాయి, అల్బినోనా, వేరే జాతా అని అడిగారు. ముందు దాని కన్ను చూడండి. నల్లగా ఉంటే అల్బినో కాదు. అల్బినోకి ఒంట్లో రంగునిచ్చే మెలనిన్ అసలు తయారే కాదు కాబట్టి ఒళ్లంతా తెలుపు, కళ్లు గులాబీ రంగు. పైగా చూపు మందం, గద్ద కంట్లో ఇట్టే పడుతుంది, ఎక్కువ రోజులు బతకదు. నాకైతే ఇప్పటిదాకా ఒక్కటీ కనపడలేదు.

అక్కడక్కడా తెల్ల ఈకలుంటే చాలామంది వెంటనే ల్యూసిజం, అంటే పుట్టుకతోనే కొన్ని ఈకలకు రంగు పట్టని లోపం, అంటారు. నేనూ అలాగే అన్నాను. కాజీపేటలో మా ఇంటి దగ్గరి పిండి గిర్నీకి ఒక ఆడ పిచ్చుక వచ్చేది. ఎడమ రెక్కలో మూడు ఈకలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండేవి. మొదట పిండేమో అనుకున్నా. కానీ వానలో తడిసినా పోలేదు. ఇంకేముంది, కనపడిన ప్రతివాళ్లకూ ఫోటో చూపించి పుట్టుకతో వచ్చిన లోపమని చెప్పాను. దసరా దాటాక చూస్తే అవే మూడు చోట్ల మామూలు గోధుమ ఈకలు! కుడికాలి వేలు ఒకటి వంకర కాబట్టి అదే పిట్టని గుర్తుపట్టగలిగాను, లేకపోతే మాయమైందనే అనుకునేవాణ్ణి.

పిచ్చుకలు ఏడాదికోసారి పాత ఈకలు రాల్చి కొత్తవి తెచ్చుకుంటాయి. జన్యువుల వల్ల వచ్చిన తెలుపైతే కొత్త ఈకల్లోనూ ఉంటుంది. తిండి సరిగా లేక వచ్చిందైతే, తిండి కుదిరాక పోతుంది. ఈక పీక్కుపోయిన చోట కూడా ఒక్కోసారి తెల్లదే మొలుస్తుంది. మా గిర్నీ పిట్టది ఈ రెంటిలో ఒకటి అయ్యుండాలి.

వేరే జాతి అనుకోవడానికి తెల్ల ఈకలు చాలవు. గొంతు మీద పసుపు చుక్క, భుజం మీద ఇటుక రంగు పట్టీ ఉంటే మాత్రం అది పసుపు గొంతు పిచ్చుక, చెట్టు తొర్రల్లో గూడు పెట్టే పిట్ట. చిన్నప్పుడు పక్షి శాస్త్రవేత్త సలీం అలీని పక్షుల వైపు లాగింది అదే. అయితే నిజామాబాద్‌లో పసుపు రాశుల దగ్గర పొట్టంతా పచ్చగా ఉన్న పిచ్చుకను చూసి నేను గెంతినంత పని చేశాను. దుమ్ములో పొర్లే అలవాటున్న పిట్ట, అక్కడి దుమ్మే పసుపు!

మీరు ఫోటో పొద్దున్నే తీయండి, మిట్టమధ్యాహ్నం ఎండలో బూడిద రంగు కూడా తెల్లగా పడుతుంది. కన్ను, రెక్క రెండూ కనపడాలి. దసరా తర్వాత అదే రెక్కని మళ్లీ తీసి పక్కపక్కన పెట్టి చూడండి.