శిబిరమా, స్కాలర్‌షిప్పా? ముందు దరఖాస్తు ఎవరు నింపుతున్నారో చెప్పండి

మీ అమ్మాయి ప్రభుత్వ పాఠశాలలో ఎనిమిదో తరగతి చదువుతోంది. ఎన్‌ఎంఎంఎస్, అంటే ఆదాయం తక్కువున్న ఇళ్లలో బాగా చదివే పిల్లలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్, దాని పరీక్ష రాయించాలా, మూడు రోజుల నాయకత్వ శిక్షణ శిబిరానికి పంపాలా, రెండింటిలో దేనివల్ల ఆడపిల్లకు ధైర్యం వస్తుంది అని అడిగారు. నేను ఆ పరీక్ష రాసి నాలుగేళ్లు ఆ డబ్బు అందుకున్నాను. అలాంటి శిబిరం ఒకదానికి కూడా వెళ్లాను. కనుక మొహమాటం లేకుండా చెబుతున్నాను: పరీక్షే రాయించండి. ధైర్యం కూడా అక్కడే వస్తుంది. పరీక్ష హాల్లో మాత్రం కాదు, డబ్బు కోసం తిరిగేటప్పుడు.

పరీక్ష సంగతి మీ బడి ఉపాధ్యాయులే చెబుతారు కాబట్టి ముఖ్యమైనవి మాత్రం రాస్తాను. ఈ పథకం 2008లో మొదలైంది, ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకు కూడా ఉంది. మేధాశక్తి మీద 90 ప్రశ్నలు, పాఠ్యాంశాల మీద 90 ప్రశ్నలు. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. దేశం మొత్తం మీద ఏటా లక్ష మందికి కొత్తగా ఇస్తారు. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా ఏడాదికి 12,000 రూపాయలు. నా కాలంలో మొదట 6,000 ఉండేది, 2017లో పెంచారు. ప్రైవేటు బడుల వారికి, కేంద్రీయ, నవోదయ విద్యాలయాల వారికి అర్హత లేదు. వసతితో చదివించే ప్రభుత్వ గురుకులాల పిల్లలకు కూడా లేదు. అక్కడ తిండి, బట్ట ప్రభుత్వమే చూస్తోంది కదా అన్నది వాదన. గురుకులంలో చేరిన ఆడపిల్లకు ఇక సొంత ఖర్చే ఉండదని ఎవరు నిర్ణయించారో నాకు తెలియదు గానీ, ఆడపిల్లలను చదివించి ఉండరని మాత్రం పందెం కాస్తాను.

ఇక నా కథ. 2015లో తొమ్మిదో తరగతికి వచ్చాను. ప్రార్థన సమయంలో ప్రధానోపాధ్యాయురాలు ఎంపికైనవారి జాబితాలో నా పేరు చదివారు, అందరూ చప్పట్లు కొట్టారు. కొన్ని నెలలకు నాతోపాటు ఎంపికైన అమ్మాయి ఖాతాలో డబ్బు పడింది. నాకు పడలేదు. నాన్న రెండుసార్లు బ్యాంకుకు వెళ్లారు. వెళ్లిన రోజున కూలి పోయేది. రెండుసార్లూ ఆయన తెచ్చిన సమాధానం ఒకటే, "పైనుంచి రావాలట". మూడోసారి వెళ్లమంటే, "నీ డబ్బే కదా, నువ్వే వెళ్లిరా" అన్నారు. పిల్లల పెంపకం గురించి ఏదో చదివి అన్న మాట కాదది. పనికి ఆలస్యమవుతోందన్న విసుగుతో అన్నదే.

బడి ఎగ్గొట్టి వెళ్లాను. బ్యాంకులో కౌంటరు నాకు గడ్డం దాకా వచ్చింది. అద్దం వెనకున్న ఉద్యోగి నా వైపు చూడకుండానే "మీ నాన్నను తీసుకురామ్మా" అన్నారు. నాన్న రెండుసార్లు వచ్చారని చెప్పాను. "పైనుంచి రావాలి" అని ఆయన నా వెనకున్న మనిషి పాసుపుస్తకం అందుకున్నారు. పక్కకు తప్పుకున్నాను. పక్కకు తప్పుకోవడం నాకు బాగా వచ్చిన విద్య. అక్కడే గోడకు ఆనుకుని నిలబడి ఉంటే ఒక సందేహం వచ్చింది. అది ధైర్యం కాదు, ఉత్త సందేహమే. మళ్లీ వరుసలో నిలబడి, నా వంతు వచ్చాక అడిగాను: "పైనుంచి అంటే ఎక్కడి నుంచండీ?"

ఆయన మొదటిసారి తలెత్తి చూశారు. జవాబు ఆయన దగ్గరా లేదని ఇప్పుడు తెలుస్తుంది గానీ, అప్పుడు నాకు ఆ కళ్లజోడే కనిపించింది. నా పుస్తకం తీసుకుని కంప్యూటర్‌లో ఏవో అంకెలు కొట్టారు. దరఖాస్తులో రాసిన పేరు ఏమిటని అడిగారు. చెప్పాను. ఇంగ్లిష్ అక్షరాలు ఒక్కొక్కటిగా చెప్పమన్నారు. అక్కడ దొరికింది దొంగ. నా పేరు చివర 'త' ఉంది. బడి రిజిస్టరులో దానికి 'టీ' పక్కన 'హెచ్' పెట్టారు, బ్యాంకు పుస్తకంలో పెట్టలేదు. పేరు కలవక డబ్బు ఆగిపోయింది. రెండుసార్లు నాన్న కూలి పోగొట్టింది ఆ ఒక్క హెచ్చే. మన పేర్లలోని 'త'కు హెచ్ ఉండాలో వద్దో ఈ దేశంలో ఏ కార్యాలయమూ ఇంతవరకు తేల్చలేదు. పుట్టినరోజు ధ్రువపత్రం రాసినాయన ఒకటి అనుకుంటాడు, బడిలో చేర్చుకున్నాయన మరొకటి అనుకుంటాడు, ఆ ఇద్దరి తగువు పిల్ల జీవితమంతా మోస్తుంది.

"పేరు సరిచేయమని తెల్ల కాగితం మీద అర్జీ రాసివ్వు" అన్నారు. ఇక్కడ అసలు కష్టం మొదలైంది. అప్పటికి బడిలో కనీసం ఇరవై ఉత్తరాలు బట్టీ పట్టాను. ఆ ఉత్తరాలన్నిటిలోనూ నాకు జ్వరమే. జ్వరం వచ్చినందున రెండు రోజులు సెలవు ఇప్పించమని ఎంత వినయంగా అడగాలో తెలుసు. ఒంట్లో బాగానే ఉండి, నాకు రావలసినది నాకు ఇమ్మని అడిగే ఉత్తరం ఒక్కటీ ఎవరూ నేర్పలేదు. నోటు పుస్తకంలోంచి కాగితం చింపి రాశాను. "దయచేసి నా తప్పును క్షమించి" అని మొదలుపెట్టి, అది నా తప్పు కాదని గుర్తొచ్చి కొట్టేశాను. ఆ కొట్టివేతతోనే ఇచ్చాను. ఆయన చదివి, ఏమీ అనకుండా ముద్ర వేశారు.

తర్వాత మరో మూడుసార్లు వెళ్లాను. ఒకసారి ప్రధానోపాధ్యాయురాలి సంతకంతో ధ్రువపత్రం తెమ్మన్నారు, ఒకసారి మేనేజరు సెలవు, ఇంకోసారి కంప్యూటర్ పనిచేయలేదు. చివరిసారి వెళ్లినప్పుడు ఆ ఉద్యోగే నన్ను చూసి "హెచ్ అమ్మాయి వచ్చింది" అని పక్కనున్నావిడతో అన్నారు. పేరు మారింది, తర్వాత డబ్బూ పడింది. పదేళ్లు దాటిన పిల్లలు తమ పొదుపు ఖాతాను తామే నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పిందని చాలా కాలం తర్వాత తెలిసింది. నాకప్పుడు పద్నాలుగు. నాన్నను తీసుకురమ్మన్నాయనకూ తెలియదేమో, అడగలేదు.

అదే ఏడాది శిబిరానికి వెళ్లాను. నిర్వాహకులు ఎవరన్నది అనవసరం. టోపీ, సంచీ, నీళ్ల సీసా ఇచ్చారు. "నేను సాధించగలను" అని గట్టిగా అరిపించారు. గొంతు చాలలేదని మళ్లీ అరిపించారు. ఏం సాధించాలో చెప్పలేదు, అడిగే వ్యవధీ లేదు. మూడో రోజున ఉత్తమ నాయకురాలిని ఎంపిక చేశారు. ఇంగ్లిష్ బాగా మాట్లాడిన అమ్మాయే. తప్పు ఆమెది కాదు, ఆమె నిజంగా మంచి పిల్ల, తన సీసాలో నీళ్లు అందరికీ పోసింది. చివర సర్టిఫికెట్లు ఇచ్చారు. నా సర్టిఫికెట్‌లో పేరుకు హెచ్ లేదు.

ఈ ధోరణి శిబిరాలతో ఆగలేదు. బాలికా దినోత్సవం వస్తే చాలు, ఒక విద్యార్థినిని తెచ్చి అధికారి కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో తీస్తారు. సాయంత్రానికి కుర్చీ ఆయనది, ఫొటో ఆమెది. అటు చూస్తే పంచాయతీల్లో మహిళలకు స్థానాలు కేటాయించిన 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది, తెలుగు రాష్ట్రాల పంచాయతీల్లో సగం స్థానాలు మహిళలవే. అయినా సర్పంచి గారు ఎక్కడని అడిగితే ఆవిడ భర్త లేచి నిలబడే ఊళ్లు ఎన్ని లేవు? ఆ ఇళ్లలో చిన్నప్పటి నుంచి కాగితాలు ఎవరు పట్టుకు తిరిగారో ఒక్కసారి విచారించండి. నా సిద్ధాంతం ప్రకారం సమస్య మొత్తం అక్కడే ఉంది.

అన్ని కార్యక్రమాలూ దండగ అనడం లేదు. ఎక్కువ కాలం సాగేవి పనిచేస్తాయి. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2019లో మొదలుపెట్టిన విజ్ఞాన్ జ్యోతి ఉంది, తొమ్మిది నుంచి పన్నెండు దాకా అమ్మాయిలకు ప్రయోగశాలలు చూపించి, శాస్త్రవేత్తలతో మాట్లాడిస్తారు. మీ జిల్లాలో ఉందేమో నవోదయ విద్యాలయంలో కనుక్కోండి. బడిలో ఎన్‌సీసీ ఉంటే చేర్పించండి. మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమెకు ఇంకా పద్నాలుగేళ్లు నిండలేదు, చదువుతున్నది సాంఘిక సంక్షేమ గురుకులంలో. ఆమె శిక్షణ భువనగిరి బండరాళ్ల మీద మొదలైంది. ఎక్కగలను అని అరవడంతో సరిపెట్టుకోలేదు, రాయి ఎక్కించారు. మూడు రోజుల్లో టోపీ తప్ప ఏమీ రాదు.

ఇప్పుడు ఏటా నా పాత బడికి వెళ్లి దరఖాస్తుల పనిలో సాయపడుతుంటాను. ఎప్పుడూ కనిపించే దృశ్యం ఒకటి ఉంది. అన్నయ్య కంప్యూటర్ ముందు, నాన్న వెనక, అమ్మాయి తలుపు దగ్గర దస్త్రం పట్టుకుని. నీ ఖాతా ఏ బ్యాంకులో ఉందమ్మా అంటే నాన్న వైపు చూస్తుంది. ఆదాయ ధ్రువపత్రం ఎవరిస్తారంటే అన్నయ్య వైపు చూస్తుంది. మార్కులు మాత్రం ఆమెవి. ఏటా జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పునరుద్ధరణ చేసుకోవాలి, పదో తరగతిలో 60 శాతం రావాలి, ఎస్సీ, ఎస్టీలకైతే 55. పునరుద్ధరణ గడువు మరిచిపోయి డబ్బు పోగొట్టుకున్న పిల్లలను చూశాను. వాళ్లలో చాలామందికి గడువు ఉందన్న సంగతే తెలియదు, ఎందుకంటే సందేశం నాన్న ఫోనుకు వచ్చింది.

కనుక శిబిరం రుసుము మిగుల్చుకోండి, ఆ మూడు రోజులూ మీరు పనికి వెళ్లండి. అమ్మాయిని తహసీల్దారు కార్యాలయానికి, బ్యాంకుకు పంపండి. తోడు వెళ్లాలనిపిస్తే వెళ్లండి గానీ బయట చెట్టు కింద కూర్చోండి. ఇక ఈ చివరి మాట మీకు కాదు, ఆమెకు చదివి వినిపించండి: దరఖాస్తు తెరిచే ముందు ఆధార్ కార్డు, బడి రిజిస్టరు నకలు, పాసుపుస్తకం మూడూ పక్కపక్కన పెట్టుకుని నీ పేరు ఒక్కో అక్షరం వేలితో చూసుకో. ఇప్పుడు డబ్బు ఆధార్‌తో జతపడిన ఖాతాలోకే వెళుతుంది, జతపడిందో లేదో బ్యాంకులో నువ్వే అడుగు. నీ పేరులో 'త' ఉంటే రెండుసార్లు చూసుకో.