ట్రే 350కి అమ్మితే మిగిలేదేంటి? గాజువాక నుంచి రాసిన అమ్మకి జవాబు

గాజువాక నుంచి ఒక అమ్మ రాశారు. వాళ్ల అబ్బాయికి 22 ఏళ్లు, బీకాం అయిపోయింది, రెండేళ్లుగా డాబా మీద రేకుల షెడ్డులో చెక్కతో సర్వింగ్ ట్రేలు, ఫోన్ స్టాండ్లు, కుంకుమ భరిణెలు చేసి ఇన్‌స్టాలో అమ్ముతున్నాడట. తండ్రి ఆటోనగర్‌లో లేత్ షాపులో పని చేస్తారు. ట్రే ఒకటి 350, డెలివరీ ఫ్రీ. ఆర్డర్లు వస్తున్నాయి కానీ చేతిలో డబ్బు కనపడట్లేదు, ఇప్పుడేమో లోన్ తీసి లేజర్ మెషిన్ కొంటానంటున్నాడు, బ్యాంక్ కోచింగ్‌లో చేర్పించాలా లేక ఇదే చేసుకోనివ్వాలా, రెండూ పోల్చి చెప్పండి అని అడిగారు. ఉత్తరం చివర్లో ఇంకో మాట, డిగ్రీ చదివి వడ్రంగం చేస్తున్నాడంటే చుట్టాల్లో తలెత్తుకోలేకపోతున్నాం అని.

అమ్మా, మీ అసలు బాధ ఆ చివరి మాటలోనే ఉంది. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వచ్చాయి, ఒకసారి ఫొటోలు తీసే అబ్బాయి, ఒకసారి కేకులు చేసే అమ్మాయి, అడిగేది మాత్రం ఒక్కటే. ముందు ఆ సంగతి చెప్తాను. ఎలమంచిలి దగ్గర ఏటికొప్పాక మీకు ఎంతో దూరం కాదు. అక్కడ చెక్క బొమ్మలు చేస్తారు, అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ రంగు లక్క ఒత్తుతారు, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పడుతుంది. ఆ బొమ్మలకి 2017లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అని చట్టం ఇచ్చే గుర్తింపు, వచ్చింది, వాటికి సహజ రంగులు మళ్లీ తెచ్చిన సీవీ రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు, 2025 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద వెళ్లినవి ఆ బొమ్మలే. మీ చుట్టాలు కూడా టీవీలో చూసే ఉంటారు. ఒక ఆదివారం అబ్బాయితో పాటు మీరిద్దరూ అక్కడికి వెళ్లి రండి.

ఇప్పుడు డబ్బు. మీరు రాసిన అంకెలతోనే లెక్క కట్టాను. ట్రేకి చెక్క 180 అన్నారు, కోతలో పోయే తరుగు అందులో లేదు, దానికి 45 కలపండి. సాండ్‌పేపర్, జిగురు, నూనె 40. అట్టపెట్టె, బబుల్ రేపర్ 60. కొరియర్ 90. కరెంటు, బ్లేడ్ల అరుగుదల ఓ 30 వేసుకుందాం. మొత్తం 445 అయింది, వాడు అమ్మేది 350కి. అంటే పిల్లాడు ప్రతి ట్రేకీ 95 రూపాయలు ఎదురు పెట్టి, పైగా నాలుగు గంటల కష్టం ఊరికే ఇస్తున్నాడు, ఆర్డర్లు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ పోతుంది, అందుకే చేతిలో డబ్బు కనపడట్లేదు.

ఇక్కడ మిమ్మల్ని కొంచెం గట్టిగానే అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ ఆయన పని చేసే షాపులో షాఫ్ట్ తిప్పమని వస్తే మెషిన్ ఎన్ని గంటలు తిరిగిందో లెక్కేసి బిల్లు ఇస్తారు కదా, ఇంట్లో కొడుకు గంటలకి ఎందుకు లెక్క లేదు? రెండేళ్లలో ఒక్కసారైనా పక్కన కూర్చుని ఒక్కో దానికి ఎంత పడుతోందిరా అని అడిగారా? మీ ఆడపడుచు గృహప్రవేశానికి వాడి చేత పన్నెండు ట్రేలు చేయించి ఊరికే ఇప్పించానని మీరే రాశారు. అదే మిక్సీల షాపుకి వెళ్లి పన్నెండు ఊరికే ఇమ్మని అడగగలరా? వాడి పనికి మొట్టమొదట సున్నా కట్టింది ఇంట్లోవాళ్లే, వాడూ అదే నేర్చుకున్నాడు.

గంటకి 100 వేసినా నాలుగు గంటలకి 400, అంటే 845, విరిగినవీ వాపస్ వచ్చినవీ అమ్ముడుపోనివీ ఉంటాయి కాబట్టి ఇంకో ఇరవై శాతం, మొత్తం 1000 దాటుతుంది. అంత ఎవరు కొంటారు అంటారు, నిజమే, అందుకే ధర పెంచడం ఒక్కటే చాలదు, చేసే పద్ధతి మారాలి. ఒక్కో ట్రే విడిగా చేయకుండా జిగ్, అంటే ప్రతి ముక్కా ఒకే కొలతకి వచ్చేలా పట్టి ఉంచే అచ్చు, పెట్టుకుని పది ఒకేసారి కోసి, పది ఒకేసారి అతికించి, పది ఒకేసారి పాలిష్ చేస్తే ట్రేకి రెండు గంటలకి దిగుతుంది. అప్పుడు ఖర్చు 645. ట్రేలు షాపుకి ఇస్తే కొరియర్, పెట్టె పోను 495. వాళ్లు 1000కి అమ్మి 35 శాతం ఉంచుకున్నా మీవాడికి 650 వస్తుంది. ఇన్‌స్టాలో కూడా అదే 1000 పెట్టాలి, షాపులో ఒకటి ఫోన్‌లో ఒకటి అయితే ఏ షాపువాడూ రెండోసారి తీసుకోడు. రిటర్న్ గిఫ్టులకి భరిణెల ఆర్డర్ వస్తే సగం అడ్వాన్స్ లేకుండా చెక్క ముట్టుకోవద్దనండి.

లేజర్ మెషిన్ దగ్గర నాకు చాలా అనుమానాలున్నాయి. ఇప్పుడు ఏ కుర్రాడిని కదిపినా లేజర్, కంప్యూటర్‌తో కోసే సీఎన్‌సీ మెషిన్, చెక్కలో రెసిన్ పోసి చేసే ఎపాక్సీ టేబుల్, రీల్స్, ఇవే మాటలు. లేజర్‌తో పేర్లు చెక్కే పని ఆ మెషిన్ కొన్న ప్రతి ఒక్కరూ చేస్తారు, డిజైన్ ఫైళ్లు కూడా అందరి దగ్గరా అవే, కాబట్టి ఇక పోటీ ధర మీదే, పక్కవాడు ఇరవై తగ్గిస్తే నువ్వు ముప్పై తగ్గించాలి, ఈఎంఐ మాత్రం తగ్గదు. రెసిన్ ఎండ తగిలితే పసుపెక్కుతుంది, మాస్కూ గాలీ లేని షెడ్డులో అది పోయడం ఒంటికి మంచిది కాదు. రీల్‌కి లక్ష వ్యూస్ వచ్చాయని సంబరపడి పదిమందీ కొనని పిల్లల్ని నేను చూశాను. మీవాడి బలం చేతిలో ఉంది, దాన్ని మెషిన్‌కి అప్పగించి అందరిలో ఒకడు కావడం నాకు నచ్చట్లేదు.

మెషిన్ బదులు చెక్కలో చెమ్మ ఎంతుందో చూపే మాయిశ్చర్ మీటర్ కొనమనండి. మన వైజాగ్ గాలిలో చెమ్మ ఎక్కువ, వానల్లో అడితి నుంచి తెచ్చిన పచ్చి చెక్కతో చేసిన ట్రే హైదరాబాద్‌లో ఏసీ ఇంటికి వెళ్లాక ఆరి వంగిపోతుంది, అది వాపస్ వస్తే మూడు ట్రేల లాభం పోయినట్టే. చెక్కలో చెమ్మ 12 శాతం లోపు ఉంటేనే కోయాలి. పిల్లల బొమ్మలు చేస్తానంటే ఇంకో సంగతి, 2021 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి, కేంద్ర హస్తకళల కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకి మినహాయింపు ఉంది, ముందు ఆ ఆర్టిజన్ కార్డు తీయించండి. లోన్ తప్పదనుకుంటే చేతివృత్తులవాళ్ల కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులకి 15,000 టూల్‌కిట్, మొదటి విడత లక్ష వరకు 5 శాతం వడ్డీకి ఉంది, అర్హత కనుక్కోండి.

పోల్చమన్నారు కదా. బ్యాంక్ పరీక్షలు ఎలా ఉంటాయో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. క్లర్క్‌కి 28 ఏళ్ల వరకు రాయొచ్చు, మీవాడికి 22, ఒక ఏడాది ఇస్తే ఆ తలుపేమీ మూసుకుపోదు. ఇష్టం లేకుండా కోచింగ్‌లో కూర్చోబెడితే ఆ ఏడాదీ పోతుంది, ఈ పనీ పోతుంది. రెండేళ్లు నష్టానికి అమ్ముతూ కూడా వదలకుండా చేస్తున్నాడంటే వాడు బద్ధకస్తుడు కాదమ్మా, లెక్క చెప్పేవాళ్లు లేరంతే. భయపడకండి.

వాళ్ల నాన్నని కూర్చోబెట్టి ఒక నోట్‌బుక్ మొదలు పెట్టించండి, ప్రతి వస్తువుకీ చెక్క ఎంత, గంటలు ఎన్ని, చేతికి ఎంత వచ్చింది, ఈ మూడూ రాయాలి. మూడు నెలల దాకా లోన్ మాట ఎత్తొద్దు. ఆ తర్వాత ఆ పుస్తకమూ ఒక ట్రే పట్టుకుని అబ్బాయితో రండి, కోచింగ్ ఫీజు సంగతి అప్పుడు మాట్లాడదాం. ట్రేకి డబ్బులిచ్చే తీసుకుంటాను.