డేట్ సరిగ్గా రాకపోతే గర్భం రాదనుకోకండి

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. పెళ్లయి నాలుగేళ్లయింది. కూకట్‌పల్లిలో ఉంటాం, ఉద్యోగం గచ్చిబౌలిలో. కాలేజీ రోజుల నుంచీ పీసీఓడీ ఉంది. రెండు మూడు నెలలకోసారి గానీ పీరియడ్స్ వచ్చేవి కావు. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు ఉండేదాన్ని. డాక్టర్ సలహాతో మూడు నెలలుగా బరువు తగ్గించే మౌంజారో ఇంజెక్షన్ వారానికొకటి తీసుకుంటున్నా. మొదటి నెల 2.5, ఇప్పుడు 5 మిల్లీగ్రాములు. బరువు 77కి వచ్చింది. రెండు నెలలుగా డేట్ కూడా నెలకే వస్తోంది. అది చూసి మా అత్తయ్య, "ఇక ఆ సూదులు ఆపి పిల్లల సంగతి చూడండి" అంటున్నారు. ఆపితే మళ్లీ లావవుతానని నాకు టెన్షన్. ఇంజెక్షన్ తీసుకుంటూనే ప్రయత్నించవచ్చా? నాకు ఎలాగూ వెంటనే గర్భం రాదు కదా అని ఇప్పుడు ఏ జాగ్రత్తా తీసుకోవడం లేదు.
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ ఉత్తరంలో చివరి వాక్యంతోనే మొదలుపెడతానమ్మా, నన్ను ఆపేసింది అదే. తర్వాతి ఇంజెక్షన్ వేసుకునే ముందు మెడికల్ షాపులో ప్రెగ్నెన్సీ కిట్ తెచ్చుకుని టెస్ట్ చేసుకోండి. లేదని తేలితే ఆ రోజు నుంచే కండోమ్ తప్పనిసరి.

పీసీఓడీలో పీరియడ్స్ ఆలస్యమయ్యేది అండం నెలనెలా విడుదల కాకపోవడం వల్ల. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా ఉంటే అండాశయాలు మగ హార్మోన్లను ఎక్కువ తయారుచేస్తాయి, అండం ఎదుగుదల మధ్యలో ఆగిపోతుంది. ఉన్న బరువులో వందకు ఐదు నుంచి పది వంతులు తగ్గినా చాలామందిలో ఈ చిక్కు వీడుతుంది. మీరు ఏడు కిలోలు తగ్గారు, అంటే ఎనిమిది శాతం పైనే. డేట్ నెలకే వస్తోందంటే అండం విడుదలవుతూ ఉండవచ్చు. మూడు నెలల క్రితం మీకు తేలిగ్గా రాని గర్భం ఇప్పుడు రావచ్చు.

నా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి ఇలాగే అనుకుంది. రెండు నెలలు డేట్ రాకపోవడం ఆమెకు అలవాటే, ఈసారీ పట్టించుకోలేదు. వాంతులు ఇంజెక్షన్ వల్లే అనుకుంది. స్కానింగ్‌లో తొమ్మిదో వారం అని తేలింది. ఇంట్లోవాళ్లు కంగారుపడి తీయించేద్దామని వచ్చారు. నేను వద్దన్నాను. ఇంజెక్షన్ వెంటనే ఆపించి, పన్నెండో వారం స్కాన్, ఐదో నెల స్కాన్ జాగ్రత్తగా చేయించాం. పాప ఆరోగ్యంగా పుట్టింది. ఇలా తెలియక వాడిన తల్లుల మీద ఇప్పటివరకూ వచ్చిన పరిశీలనల్లో పిల్లల్లో పెద్ద లోపాలు పెరిగినట్టు కనిపించలేదు. కానీ ఆ సమాచారం ఇంకా కొద్దిగానే ఉంది. జంతువుల మీద చేసిన పరీక్షల్లో మాత్రం పిండానికి హాని కనిపించింది. పైగా బిడ్డ అవయవాలు తయారయ్యే వారాల్లో తల్లి సగం ఆకలితో ఉండటం నాకు ఏ విధంగానూ సమ్మతం కాదు. అందుకే తెలిసి తెలిసి ఇంజెక్షన్ తీసుకుంటూ ప్రయత్నించవద్దు.

ఎంత ముందు ఆపాలి? మౌంజారోలో ఉండేది టిర్జెపటైడ్. ఒంట్లో దాని మోతాదు సగానికి తగ్గడానికి దాదాపు ఐదు రోజులు పడుతుంది. పూర్తిగా పోవడానికి కనీసం ఒక నెల వదలాలి. ఇలాంటివే మరో రెండు ఇంజెక్షన్లు వేగోవీ, ఓజెంపిక్‌లలో ఉండే సెమాగ్లూటైడ్‌కి వారం పడుతుంది కాబట్టి రెండు నెలలు ఆగమంటారు. మీరు కూడా రెండు నెలలే పెట్టుకోండి. ఎందుకో చెబుతాను.

ఆపాక ఆకలి తిరిగి వస్తుంది. మీ భయం నిజమైనదే. సెమాగ్లూటైడ్ మీద జరిగిన ఒక పెద్ద పరిశోధనలో ఆపిన ఏడాదిలోపు, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. ఇది మీ మనోబలానికి సంబంధించిన విషయం కాదు, మందు పని ఆగిపోవడం వల్ల జరిగేది. ఈ రెండు నెలల్లో మీ ఒంటికి మళ్లీ మామూలు ఆకలితో ఎలా ఉండాలో తెలియాలి. పొద్దున పెసరట్టో గుడ్లో, మధ్యాహ్నం అన్నం తగ్గించి పప్పు, కూర, పెరుగు, రాత్రి జొన్న రొట్టె. రాత్రి పది దాటాక ఫోన్‌లో బిర్యానీ ఆర్డర్ చేసే అలవాటుంటే ముందు అది మానాలి. నడక ఒక్కటే చాలదు. ఇంజెక్షన్‌తో తగ్గినప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, కాబట్టి వారానికి రెండు మూడు రోజులు బరువులు ఎత్తే వ్యాయామం చేయండి.

రేపే ఆపమని అనను. ఇప్పుడు మీ బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, 31. మన వాళ్లకు 25 దాటితేనే ఊబకాయంగా లెక్క. మరికాస్త తగ్గితే గర్భంలో షుగర్, బీపీ వచ్చే ముప్పు తగ్గుతుంది. మీకు 29 ఏళ్లే. మందు రాసిన డాక్టర్ ఒప్పుకుంటే ఇంకో రెండు మూడు నెలలు వాడి, ఆపే తేదీ ఇప్పుడే క్యాలెండర్‌లో రాసుకోండి. 55 కిలోలకు వచ్చేదాకా ఆగుతానంటే మాత్రం నేను ఒప్పుకోను. మీకు 36 ఏళ్లయితే ఈ రెండు మూడు నెలలు కూడా ఇవ్వకపోదును.

ఈలోగా గర్భనిరోధక మాత్రలు వాడాలనుకుంటే ఒక చిక్కుంది. టిర్జెపటైడ్ కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, మాత్ర ఒంటికి సరిగ్గా అందకపోవచ్చు. మొదలుపెట్టిన నాలుగు వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ మళ్లీ నాలుగు వారాలు కండోమ్ కూడా వాడాలి. కాపర్-టీకి ఈ ఇబ్బంది లేదు. మొటిమలకో, అవాంఛిత రోమాలకో స్పైరోనోలాక్టోన్ వాడుతుంటే అదీ ప్రయత్నానికి ముందే ఆపాలి. బరువు కోసమని ఎవరైనా టోపిరామేట్ ఇచ్చి ఉంటే అది మరీ ముఖ్యం, దానితో బిడ్డకు గ్రహణం మొర్రి వచ్చే ప్రమాదం ఉంది.

ఇప్పుడే చేయించాల్సినవి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బీ12, హిమోగ్లోబిన్. ఫోలిక్ యాసిడ్ ఈరోజే మొదలుపెట్టండి. మామూలుగా రోజుకు 400 మైక్రోగ్రాములు, మీ బరువుకు ఎక్కువ డోసు కావాలేమో డాక్టర్‌ని అడగండి. ఆపాక అండం సరిగ్గా విడుదల కాకపోతే లెట్రోజోల్ ఉంది. పీసీఓఎస్‌పై (పీసీఓడీకే మరో పేరు) 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు అండం విడుదలకు మొదట వాడమన్న మందు అదే. అది క్యాన్సర్ మందు అని ఇంటర్నెట్‌లో చదివి భయపడకండి, ఇక్కడ నెలకు ఐదు రోజులే వాడతాం.

మరో మాట, ఇది మీ అత్తయ్యగారికి కూడా చదివి వినిపించండి. నాలుగేళ్లలో మీ ఆయన వీర్య పరీక్ష ఒక్కసారైనా జరిగిందా? మీ ఉత్తరంలో ఆ ప్రస్తావనే లేదు. మీ కడుపులో సూదులు దిగుతున్నప్పుడు ఆయన ఒక్క పరీక్షకు వెళ్లడం పెద్ద పని కాదు.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, పీసీఓడీతో పాటు థైరాయిడ్ తక్కువ. 50 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటాను. థైరాయిడ్ ఉన్నవాళ్లు బరువు తగ్గే ఇంజెక్షన్లు వాడకూడదట కదా?
— దిల్‌సుఖ్‌నగర్ నుంచి

జవాబు: వాడకూడనిది మెడుల్లరీ అనే ఒక రకం థైరాయిడ్ క్యాన్సర్ తమకు గానీ, కుటుంబంలో గానీ ఉన్నవాళ్లు. అది అరుదు. మీ హైపోథైరాయిడ్ వేరు, దానికి అడ్డు లేదు. అయితే బరువు తగ్గేకొద్దీ మాత్ర డోసు మారవచ్చు కాబట్టి టీఎస్‌హెచ్ రెండు నెలలకోసారి చూపించుకోండి. పిల్లల కోసం ప్రయత్నించే ముందు అది 2.5 లోపు ఉండాలి. టెస్ట్‌లో రెండు గీతలు కనిపించిన రోజే మీ డాక్టర్‌కి ఫోన్ చేయండి. గర్భం రాగానే ఆ మాత్ర సాధారణంగా పెంచాల్సి వస్తుంది, నెలవారీ చెకప్ దాకా ఆగకూడదు.