ఫుట్‌బాల్ టీమ్ చదువు బాధ్యత తీసుకుంటున్న కార్తీక్‌కి

చి. కార్తీక్‌కి,

పెద్దమ్మ ఆశీస్సులు. కాన్సస్‌లో ఒక జూనియర్ కాలేజీ, అంటే హైస్కూల్ తర్వాత రెండేళ్లు చదివే కాలేజీ, అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌కి అకడమిక్ అడ్వైజర్‌గా చేరుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "అదేం ఉద్యోగం అక్కా, ఆటగాళ్లకి హోంవర్క్ చేయించడమా?" అని కూడా అడిగింది. ఒక రకంగా అంతే. కాకపోతే ఆ హోంవర్క్ జరక్కపోతే ఎంత గొప్ప టీమైనా నవంబర్ దాటదు. ఈ రాష్ట్రంలోనే ఇన్నేళ్లు ఆ పిల్లలకి ఆల్జీబ్రా చెప్పినదాన్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

నీ ముందు కూర్చునేవాళ్లలో చాలామందికి హైస్కూల్ మార్కులు చాలక పెద్ద యూనివర్సిటీల తలుపులు తెరుచుకోలేదు. కొందరు అలాంటి చోట చేరి, ఏదో గొడవై బయటికొచ్చారు. ఇంకొందరు ఎవరి కంటా పడనివాళ్లు. తర్వాత ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ స్టార్ అయిన ఆరన్ రాడ్జర్స్ అలాగే 2002లో తన ఊరి దగ్గరి బ్యూట్ కాలేజీలో ఆడాడు. ఆ ఏడు టీమ్ పది మ్యాచ్‌లు గెలిచి ఒక్కటే ఓడింది. బర్క్‌లీ యూనివర్సిటీ కోచ్ వేరే కుర్రాణ్ణి చూద్దామని వచ్చి ఇతన్ని కూడా ఎంచుకున్నాడు. క్యామ్ న్యూటన్ 2009లో టెక్సస్‌లోని బ్లిన్ కాలేజీతో నేషనల్ టైటిల్ గెలిచి, మరుసటి ఏడే ఆబర్న్ యూనివర్సిటీలో, దేశంలో ఆ ఏటి ఉత్తమ కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ అందుకున్నాడు. నీ దగ్గరికొచ్చే ప్రతివాడూ తనే రేపటి న్యూటన్ అనుకుంటాడు. అనుకోనీ, వాదించకు. వాళ్లు నిన్ను కూడా 'కోచ్' అనే పిలుస్తారు. అదీ సరిదిద్దకు.

లెక్క మాత్రం నీ దగ్గర పక్కాగా ఉండాలి. హైస్కూల్ మార్కుల దగ్గరే ఆగిపోయిన కుర్రాడు మొదటి డివిజన్ (కాలేజీ ఆటల్లో అన్నిటికంటే పై మెట్టు) యూనివర్సిటీకి వెళ్లి ఆడాలంటే రెండేళ్ల డిగ్రీ పూర్తి చెయ్యాలి. కనీసం మూడు సెమిస్టర్లు ఫుల్‌టైమ్ చదవాలి. యూనివర్సిటీ ఒప్పుకునే క్రెడిట్లు, అంటే పాసైన క్లాసులకి వచ్చే పాయింట్లు, 48 ఉండాలి, అందులో ఇంగ్లిష్ ఆరు, లెక్కలు మూడు, సైన్స్ మూడు. జీపీఏ, అంటే నాలుగుకి లెక్కకట్టే సగటు మార్కు, 2.5కి తగ్గకూడదు. ఈ రూల్స్ మారుతుంటాయి కాబట్టి బట్టీ పట్టకు, ఏటా కొత్త కాపీ తెచ్చుకుని చదువు. 2021లో న్యూ మెక్సికో మిలిటరీ ఇన్‌స్టిట్యూట్‌తో టైటిల్ గెలిచిన డీగో పావియా, జూనియర్ కాలేజీలో ఆడిన ఏళ్లని తను యూనివర్సిటీలో ఆడగలిగే ఏళ్ల లెక్కలో కలపొద్దని కోర్టుకెళ్లి, 2025లో వాండర్‌బిల్ట్ తరఫున ఇంకో సీజన్ ఆడే అవకాశం తెచ్చుకున్నాడు.

ఇప్పుడు అసలు చిక్కు. బాగా ఆడే కుర్రాళ్లు డిసెంబర్‌కే డిగ్రీ ముగించి, జనవరిలో యూనివర్సిటీలో చేరాలని చూస్తారు, అక్కడి స్ప్రింగ్ ప్రాక్టీస్ అందుకోవడానికి. అంటే ఛాంపియన్‌షిప్ సీజనూ, ఆఖరి సెమిస్టరూ ఒకటే. టీమ్ ఎంత గెలిస్తే సీజన్ అంత సాగుతుంది, చదువుకునే టైమ్ అంత తగ్గుతుంది. అప్పటిదాకా తప్పించుకు తిరిగిన లెక్కల క్లాసు కూడా సరిగ్గా ఆ సెమిస్టర్లోనే ఎదురొస్తుంది. అందుకే నీకు మొదట చెప్పేది: లెక్కలూ ఇంగ్లిషూ మొదటి ఏడే పెట్టించు. ఆఖరి సెమిస్టర్‌కి తేలికైనవి మిగల్చు. కుర్రాళ్లు దీనికి తిరగబడతారు, అడ్డంగా నిలబడు.

రెండోది, పన్నెండు క్రెడిట్ల గీత. సీజన్లో ఉన్నవాడు ఫుల్‌టైమ్, అంటే ఆ సెమిస్టర్‌లో కనీసం పన్నెండు క్రెడిట్లు, చదువుతూ ఉండాలి. మిడ్‌టర్మ్ పోయిందని టెన్షన్‌పడి, నీకు చెప్పకుండా ఒక క్లాసు డ్రాప్ చేశాడనుకో, పన్నెండు కాస్తా తొమ్మిదవుతుంది, అర్హత పోతుంది. అది తెలియక ఆడిస్తే గెలిచిన మ్యాచ్ కూడా చేజారవచ్చు. ప్రతి సోమవారం పొద్దున్నే ఎన్‌రోల్‌మెంట్ లిస్టు నువ్వే చూడు. కుర్రాడి మాట మీద, కోచ్ మాట మీద వదిలెయ్యకు.

బస్సు ప్రయాణాల సంగతి మర్చిపోకు. పడమట గార్డెన్ సిటీ నుంచి ఆగ్నేయ మూల కాఫీవిల్‌కి వెళ్లాలంటే సగం రోజు రోడ్డు మీదే. బస్సులో ఇంటర్నెట్ అందుతుందని నమ్మకు, ప్రాబ్లమ్స్ కాగితం మీద ప్రింట్ తీసివ్వు. పెన్సిళ్లు కూడా నువ్వే పట్టుకెళ్లు. మిసిసిపీలోని స్కూబాలో ఇదే పని చేసిన బ్రిటనీ వాగ్నర్ కుర్రాళ్లని అడుగుతూ ఉండే ప్రశ్న, పెన్సిల్ ఉందా అనే. నవ్వొస్తుంది గానీ, నా క్లాసులో సగం గొడవ అక్కడే ఉండేది.

ఆ స్కూబా టీమ్, ఈస్ట్ మిసిసిపీ, 2013, 2014 రెండేళ్లూ నేషనల్ టైటిల్ గెలిచింది. 2015 అక్టోబర్లో ఒక మ్యాచ్‌లో హాఫ్‌టైమ్ కూడా కాకముందే 48-0తో ముందుంది. మైదానంలో పెద్ద కొట్లాట అయింది, మ్యాచ్ అక్కడితో ఆపేశారు, ప్లేఆఫ్స్‌కి దారి మూసేశారు. వరసగా మూడో టైటిల్ ఆశ అలా పోయింది. అలాంటి వారం నీకూ రావచ్చు, కొట్లాటతో కాకపోతే ఓటమితో. ఆ సోమవారం ఎవరూ క్లాసుకి రారు. స్టడీ హాల్ మామూలు టైమ్‌కే తెరువు, రానివాళ్ల గదికి వెళ్లి తలుపు కొట్టు. సెమిస్టర్‌కి ఇంకా వారాలు మిగిలే ఉంటాయి.

చిన్న ఊరి ఒత్తిడికి సిద్ధంగా ఉండు. బట్లర్ కాలేజీ ఉన్న ఎల్ డొరాడోలో జనాభా దాదాపు 13 వేలు, నేషనల్ టైటిళ్లు ఆరు. అలాంటి ఊళ్లో కాఫీ తాగడానికి వెళ్తే క్వార్టర్‌బ్యాక్ (మైదానంలో టీమ్‌ని నడిపించేవాడు) మార్కులెలా ఉన్నాయని అడుగుతారు. చెప్పావో, ఉద్యోగం పోతుంది. విద్యార్థి రికార్డుల గోప్యతకి 1974 నుంచీ ఫెర్పా చట్టం ఉంది, చేరగానే చదువుకో. ఇక కోచ్ నీ దగ్గరికి వచ్చి, ఆ టీచర్‌తో ఒకసారి మాట్లాడమని మెల్లగా అంటాడు. గడువు పెంచమని అడగడం తప్పు కాదు. మార్కు పెంచమని మాత్రం ఎన్నడూ అడగకు. మేము టీచర్లం అలా అడిగినవాళ్లని గుర్తుపెట్టుకుంటాం, ఆ తర్వాత వచ్చే న్యాయమైన విన్నపాన్ని కూడా అనుమానంగానే చూస్తాం.

థ్యాంక్స్‌గివింగ్ సెలవులకి ముందే డిసెంబర్‌లో వెళ్లేవాళ్ల గ్రాడ్యుయేషన్ అప్లికేషన్లు రిజిస్ట్రార్‌కి అందాయో లేదో ఒక్కొక్కటీ చూసుకో. క్రిస్మస్‌కి ఆఫీసు మూసేస్తే ఫైనల్ ట్రాన్స్‌క్రిప్ట్, అంటే మార్కుల పత్రం, పంపేవాళ్లుండరు. జనవరి క్లాసులు ఎవరి కోసమూ ఆగవు. అక్కడి రిజిస్ట్రార్ ఆవిడతో ఆగస్టులోనే పరిచయం చేసుకో.

ఉంటాను.
నీ పెద్దమ్మ